కరెంటు కొట్టిన చెయ్యి

మా పక్కింటి యల్లయ్యకు మణికట్టు కింద కుడిచెయ్యి లేదు. ఎట్లా పోయిందని ఎవరడిగినా "కరెంటు కొట్టింది" అంటాడు. ఏం కరెంటు, నా మొహం! ఆ ఏడు మా ఊళ్లో స్తంభాలే తప్ప వాటికి తీగలే లేవు.

ఎన్నికల నాడు మా ఊరి పెత్తందారు వెంట నాటుబాంబుల సంచి మోసుకుంటూ పోయాడు. ఆ పెత్తందారును అందరం అన్న అనేవాళ్లం. సంచిలోనే ఒకటి పేలింది. జమ్మలమడుగు ఆస్పత్రిలో యల్లయ్య మంచం పక్కన కూర్చుని అన్న చెవిలో చెప్పాడు.

"కరెంటు కొట్టిందని రాయిచ్చినాలే యల్లయ్యా. నోరు మెదపాకు. నీ ఇల్లు నేను చూసుకుంటా."

ఆ మాటకే ఈ పిచ్చిమారాజు ఒంటిచేత్తో దండం పెట్టాడు.

చూసుకున్నాడు పాపం, రెండు నెలలు బియ్యం పంపాడు. ఆ తర్వాత ఇల్లు చూసుకున్నది భార్య ఓబమ్మ. మొగుడి గొర్రెల వెంట తానే పోయింది. పుట్టిన పొట్టేళ్లను సంతకు తోలేది కానీ తల్లిగొర్రెను మాత్రం ఎవరడిగినా ఇచ్చేది కాదు.

"తల్లుల్ని అమ్ముకుంటే ఇంగ మాకేముంటాది?" అనేది.

అట్లా తొమ్మిదేళ్లు నెట్టుకొచ్చింది. పదో ఏడు వానల్లేవు, మేత లేదు. ఏడు తల్లులు మిగిలాయి.

అప్పుడే, ఫ్యాక్షన్‌లో కాళ్లూ చేతులూ పోయినవాళ్లకు సర్కారు సాయమిస్తుందని దండోరా వేశారు. ఓబమ్మకు ప్రాణం లేచొచ్చింది.

"కాగితంలో ఏమన్నా ఉండనీ, నోటితో నిజం చెప్పు సామీ" అని మొగుణ్ణి బతిమాలింది. సాక్ష్యం చెప్పడానికి నేనూ వెంట పోయాను.

ఆఫీసులో అన్న కూర్చుని ఉన్నాడు. పక్కనే ఎవరనుకున్నారు? ఎవరి మీద వేయడానికి ఆ సంచి మోయించాడో, ఆ మనిషే! అన్న పార్టీ మారాడు, ఇద్దరికీ రాజీ అయింది, నవ్వుకుంటూ సోడా తాగుతున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"చెయ్యి ఎట్లా పోయింది?" అని ఆఫీసరు అడిగాడు.

యల్లయ్య అన్న ముఖం చూశాడు. అన్న వీడివైపు చూడనే లేదు.

"కరెంటు కొట్టింది సార్."

నేను నోరు తెరవబోతే, ఉన్న ఒక్క చేత్తో నా రెట్ట పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు.

"అన్నకు మాటిచ్చినానప్పా" అన్నాడు. థూ!

మర్నాడు సంత. ఓబమ్మ ఏడు తల్లుల్నీ దొడ్డి లోంచి బయటికి తోలింది. యల్లయ్య కర్ర అందించబోయాడు. ఆమె తీసుకోలేదు.

"చేతికైతే కరెంటు కొట్టింది. నోటికేం కొట్టిందయ్యా నీకు?"