ఆళ్లగడ్డ నుంచి వచ్చిన ప్యాచ్

2007లో నేను నంద్యాలలో ఒక అద్దె ఇంటి మేడగదిలో కూర్చుని బెంగళూరు కంపెనీకి పనిచేసేవాణ్ణి. అది కాక, లినక్స్ మీద నడిచే ఒక ఉచిత ట్రేసింగ్ టూల్‌కు రివ్యూయర్‌ని. ఎవరైనా దాని కోడ్‌లో మార్పు చేసి, ఆ మార్పును ప్యాచ్‌గా మెయిలింగ్ లిస్టుకు పంపితే, చదివి ఒప్పుకోవడమో తిప్పి పంపడమో నా పని.

కంప్యూటర్‌లో అన్నిటికీ అడుగున ఉండి నడిపించే ప్రోగ్రామ్ కెర్నెల్. మోడెమ్, ప్రింటర్ లాంటివాటి కోసం దానికి తగిలించి, పనయ్యాక తీసేసే ముక్కలు మాడ్యూళ్లు. ఏ మాడ్యూల్ ఎప్పుడు వచ్చింది, ఏం చేసింది, ఎప్పుడు పోయింది అని నమోదు చేసేది మా టూల్. ఆ నమోదు చేసే భాగం రాసింది నేనే.

కొత్త వెర్షన్ విడుదలకు నాలుగు రోజులుందనగా హసీనా అనే పేరుతో ఒక ప్యాచ్ వచ్చింది. పట్టుమని పది లైన్లు లేవు. పైన వివరణ తప్పుల ఇంగ్లీషులో రెండు ముక్కలు. మార్చింది సరిగ్గా నేను రాసిన చోటే. నాకు ఒళ్లు మండింది. ఈ మార్పు అనవసరమనీ, మెమరీ దండగనీ, ముందు వివరణ రాయడం నేర్చుకోమనీ అందరూ చదివే లిస్టులోనే జవాబిచ్చాను. ఒక్కసారైనా నడిపి చూడలేదు.

మర్నాడు నాకొక్కడికే హసీనా నుంచి మెయిల్ వచ్చింది. తన ఇంగ్లీషు తక్కువేననీ, మా టూల్‌తో బిగుసుకుపోతున్న తన మిషన్ మాత్రం ఒకసారి చూడమనీ రాసింది. కింద ఫోన్ నంబరు, ఊరు ఆళ్లగడ్డ. ఏ దేశం మనిషో అనుకున్నాను. తీరా చూస్తే మా ఊరి నుంచి బస్సెక్కితే గంటన్నరలో దిగే ఊరు. ఇంత దగ్గరే కదా, చూసేద్దామని ఫోన్ చేసి, ఆ మరుసటి పొద్దున బయలుదేరాను.

హసీనాకు పాతికేళ్లుంటాయి. మందుల షాపు పైన మేడలో ఎనిమిది పాత కంప్యూటర్లు పెట్టుకుని డిగ్రీ పిల్లలకు పాఠాలు చెప్పేది. రిపేర్లూ తనే చేసుకునేది. మోడెమ్ ఎందుకో మొరాయిస్తోందని, కారణం తెలుసుకోవడానికి మా టూల్ పెట్టుకుందట. అప్పటి నుంచి మిషన్లే బిగుసుకుపోతున్నాయి. పాఠం మధ్యలో ఆగిపోతోందని ఒక బ్యాచ్ పిల్లలు మానేశారు కూడా.

ఆమె నా ముందే మోడెమ్ మాడ్యూల్ తీసేసి, ఇంకోటి తగిలించి, మా టూల్ నమోదు చేసినదాన్ని తెరిచింది. తెర బిగుసుకుపోయింది. పక్క మిషన్ మీదా అంతే.

"మీరు మాడ్యూల్ పేరు రాసుకోల్యా అన్నా. పేరు యాడుందో ఆ తావు రాసుకున్యారు. మాడ్యూల్ పోయినాక ఆడ ఏముంటాది?" అంది.

నా కోడ్ తెరిచి చూస్తే ఆమె చెప్పింది నిజమే. ఆమె ప్యాచ్ చేసిందల్లా ఆ పేరును ముందే నకలు తీసి దాచుకోవడం. నా మిషన్ మెమరీలో ఖాళీ అయిన ఆ చోటును వెంటనే ఎవరూ వాడుకోలేదు కాబట్టి తప్పు బయటపడలేదు. అదృష్టం కొద్దీ నడిచినదాన్ని సరిగా రాశాననుకున్నాను. ఇప్పటికే బయట ఉన్న ఆ తప్పు, ఇంకో రెండు రోజులైతే కొత్త వెర్షన్‌తో మరెన్ని సర్వర్లకో చేరేది.

లిస్టులో అంత మాటన్నందుకు క్షమించమన్నాను. అంత జరిగాక మళ్లీ ఎందుకు రాశావని అడిగాను.

"మీరు ఒద్దన్యారని మిషన్ బిగుసుకోకుండా ఉంటాదా?" అంది మామూలుగా. "పిల్లోళ్లు కూసోనుండారు. నాకు పని జరగాల."

ఆ ప్యాచ్‌లో నేను చెప్పదగిన దిద్దుబాటు ఒక్కటే ఉంది: పేరు మరీ పొడుగైతే ఎక్కడ ఆపాలో హద్దు పెట్టడం. ఆమె అక్కడికక్కడే పెట్టేసింది. వివరణ తెలుగులో చెబుతుంటే నేను ఇంగ్లీషులో రాశాను. ఆ సాయంత్రమే లిస్టులో తప్పు నాదని ఒప్పుకుని, విడుదల వారం వాయిదా వేయించాను. ప్యాచ్ ఆమె పేరుతోనే చేరింది.

కొన్నాళ్లకు ఎవరో సర్వర్లు చూసుకునే అతను, తమ దగ్గర నెలలుగా ఉన్న బాధ కొత్త వెర్షన్‌తో పోయిందని నాకు కృతజ్ఞతలు రాశాడు. అవి నాకు చెందవని చెప్పి, ఆ ఉత్తరం హసీనాకు పంపాను.

తర్వాత వందల ప్యాచ్‌లు చూశాను. పంపినవారి భాష చూసి కోడ్‌ను తూచడం ఆ రోజుతో మానేశాను. ముందు నడిపి చూస్తాను, ఆ తర్వాతే నోరు విప్పుతాను. కాలేజీలో ఎవరూ నేర్పని ఈ పాఠం నాకు నేర్పింది, నా మాటకు చిన్నబుచ్చుకుని ఊరుకోకుండా రెండోసారి రాసిన ఆ అమ్మాయి.