తులసమ్మకు బొట్టు

కరోనాకు ముందు ఏడాది మాట. నెల్లూరులో మాది పటాలు కట్టే కొట్టు. వచ్చేవన్నీ దేవుడి పటాలు, పెళ్లి ఫోటోలే. విడవలూరు రాధ మేడం ఒక్కరే మొక్కల పాత బొమ్మలు తెచ్చేవారు. కాలేజీలో బోటనీ చెబుతారు. అవి ఎన్‌గ్రేవింగులు. రాగిరేకు మీద గీతలు చెక్కి, కాగితం మీద అచ్చు వేసి, ఒక్కో ఆకుకూ చేత్తో నీటిరంగు పూసినవి. మన ఉప్పుగాలిలో వాటిని కాపాడటం పెద్ద తలనొప్పి, అయినా నాకు ఇష్టమైన తలనొప్పే.

ఓ శనివారం మేడం అత్తగారు ఒక్కరే బస్సెక్కి వచ్చారు. పాత చీర మడతలోంచి ఓ బొమ్మ తీశారు. తులసి మొక్క. వామ్మో! వేర్ల మీద పసుపు, దాని మీద ఎర్రగా కుంకుమ బొట్టు.

"ఏంది పెద్దమ్మా ఇది?"

"నిన్న శుక్రవారం గదా అబ్బయా. తులసమ్మ మా ఇంటికొచ్చి బోసి మొహంతో బల్ల మీద పడుంటే చూడలేకపోయినా. తడిచేత్తో పెట్టేసినా. దీనికోసం ఎన్నేళ్లు ఎతికిందో నా కోడలు! రేపు ఊర్నించి వస్తది. నన్ను పల్లెత్తు మాట అనదు, అదే నా బాధ. ఎట్టయినా తీసెయ్ నాయనా."

మెత్తటి బ్రష్షుతో దులిపితే కుంకుమ కొంత పోయింది. పసుపు మాత్రం కాగితంలోకి ఇంకిపోయింది. నీళ్లు తగిలితే ఆకుల రంగూ కరుగుతుంది, ఎండలో పెడితే రెండూ వెలిసిపోతాయి. నావల్ల కాదనగానే ఆమె స్టూలు మీద కూలబడి ఏడ్చేశారు. "దాచొద్దు, మీరే చెప్పేయండి" అన్నాను.

సోమవారం అత్తాకోడళ్లు కలిసే వచ్చారు. మేడం కళ్లు వాచి ఉన్నాయి. మౌంటు, అంటే బొమ్మ చుట్టూ పెట్టే అట్ట, కింది అంచు కాస్త పైకి వచ్చేలా కోస్తే బొట్టు కనబడదని చూపించాను. వేర్లూ కనబడవు.

"మూసెయ్ అబ్బయా, మూసెయ్" అన్నారు అత్తగారు.

మేడం అట్టను పక్కకు జరిపారు. "వేర్లు లేకుండా మొక్కేంది అత్తమ్మా? ఉండనీండి. రాత్రి ఏడ్చినా, అబద్ధమెందుకు? ఇకమీదట అద్దం మీద పెట్టండి, చాలు."

పటం కట్టడం పూర్తయ్యాక, మా కొట్టులో దేవుడి దగ్గరున్న కుంకుమ భరిణె మేడం అడిగి తీసుకుని అత్తగారి ముందు పట్టారు. పెద్దావిడ భయపడి చెయ్యి వెనక్కి లాక్కున్నారు. మేడమే ఆ చెయ్యి పట్టుకుని అద్దం మీద బొట్టు పెట్టించారు.

అప్పటినుంచి ఏ పటం వచ్చినా, ఏ గోడకు తగిలిస్తారని మాత్రమే అడగను. ఇంట్లో దానికి దండం పెట్టుకునేదెవరో కూడా అడిగి తెలుసుకుంటాను.