అమ్మ ఎండబెట్టిన వడియాలు, తెల్లవాళ్ళ యుద్ధం

మా నాన్నను పట్టించినవాడికి తొంభై ఏళ్ళు నిండాయి. ఇక్కడే సింగపూర్‌లో, బిషాన్‌లో కూతురి దగ్గర ఉంటున్నాడు. ఆ కూతురే మొన్న సెంగ్‌కాంగ్‌లో మా ఫ్లాటు వెతుక్కుంటూ వచ్చింది, చేతిలో యాపిల్ పళ్ళ సంచీతో.

"ఆంటీ, మన తెలుగువాళ్ళంతా కలిసి నాన్నగారికి శాలువా కప్పుతున్నారు. గెరిల్లాల నుంచి ఎస్టేటును కాపాడారని. ఆ ఎస్టేటులో పుట్టినవాళ్ళు ఇక్కడ మీరు తప్ప ఇంకెవరూ లేరు. మీరు స్టేజీ ఎక్కి రెండు మంచి మాటలు చెప్పాలి."

తినే వస్తువును కాదనే రకాన్ని కాను. ఆ పళ్ళు మాత్రం తిరిగిచ్చేశాను. "ముందు మీ నాన్నను చూడాలి, ఆదివారం వస్తాను" అన్నాను. ఆవిడ సంతోషంగా వెళ్ళింది.

మనవరాలు గదిలోంచి తల బయటపెట్టింది. "అమ్మమ్మా, ఏ గెరిల్లాలు? వియత్నామా? మాకు స్కూల్లో అదే నడుస్తోంది. అమెరికా కమ్యూనిజం ఆపడానికి వెళ్ళింది, అంతే కదా."

"మొదట ఎవర్ని పంపింది?"

"అడ్వైజర్లని. తర్వాత వాళ్ళని కాపాడ్డానికి సోల్జర్లని."

"అయితే మా దగ్గర జరిగినట్టే" అన్నాను.

నేను చదివింది ఎస్టేటు బడిలో మూడు తరగతులు. పుస్తకాల్లో ఏముందో నాకు తెలియదు. చూసింది చెబుతాను.

మలేసియాను అప్పట్లో మలయా అనేవారు, బ్రిటిష్‌వాళ్ళ ఏలుబడిలో ఉండేది. మాది అడవి అంచున రబ్బరు ఎస్టేటు. మొదట అక్కడ ఉన్నది ఒక్క తెల్లదొర, అతని నడుముకు ఒక తుపాకీ. అడవిలోని వాళ్ళు, అంటే తెల్లవాళ్ళను తరమాలని తుపాకులు పట్టిన కమ్యూనిస్టు గెరిల్లాలు, పక్క ఎస్టేటు దొరను కాల్చేశాక, మా దొరకు కాపలాగా పోలీసులొచ్చారు. పోలీసుల లారీని కాల్చేశాక, వాళ్ళకు కాపలాగా సముద్రాలు దాటి సైనికులు దిగారు. మీసాలు సరిగా మొలవని కుర్రాళ్ళు, ఎండకు ఎర్రగా ఉడికిపోయిన మొహాలు. వాళ్ళలో కొందరు చచ్చాక, ఉత్త చేతులతో తిరిగివెళ్ళడం అంత పెద్ద రాజ్యానికి నామోషీ అయింది. విమానాలొచ్చాయి. కూలీలకు వరసగా కట్టిన మా లైను ఇళ్ళ చుట్టూ ముళ్ళకంచె లేచింది.

అడవిలోని వాళ్ళను ఆకలితో చంపాలని మా పొయ్యిలు ఆర్పించారు. బియ్యం అమ్మకూడదు, ఇంట్లో ఉండకూడదు. అందరికీ ఒక్కచోటే వండి గరిటెతో కొలిచి పెట్టేవారు. వండిన అన్నమైతే తెల్లారేసరికి పాచిపోతుంది, ఎవరూ దాచి అడవికి పంపలేరని వాళ్ళ లెక్క.

ఆ లెక్కలో మా అమ్మ లేదు. మెతుకు పారెయ్యడం ఆవిడ ఒంట్లోనే లేదు. మిగిలిన అన్నంలో ఉప్పూ జీలకర్రా కలిపి పిసికి, కోళ్ళగూటి మీద చాప పరిచి వడియాలు పెట్టేది.

మా కంగాణీకి, అంటే కూలీల మీద మేస్త్రీకి, ఒక కొడుకు. వాడికి ఇంగ్లీషు వచ్చు. సైన్యానికి నోరూ చెవీ వాడే. వాడొకరోజు కుళాయి దగ్గర మా పిన్ని చెయ్యి పట్టుకుంటే, మా నాన్న అందరిముందూ చెంప పగలగొట్టాడు.

వారం తిరక్కుండా సైనికులు మా ఇంటికొచ్చారు. వాళ్ళ ఆఫీసరు దొర చాప మీంచి ఒక వడియం తీసి వేళ్ళ మధ్య నలుపుతూ, ఇదేమిటని వెంట వచ్చిన కంగాణీ కొడుకును అడిగాడు. వాడు తెలుగువాడే. వాళ్ళమ్మ వేయించిన వడియాలు తిని పెరిగినవాడే. మా నాన్న మొహంలోకి చూస్తూ ఇంగ్లీషులో ఏదో చెప్పాడు.

"వడియాలు బాబూ, ఒట్టి వడియాలు! నువ్వైనా సెప్పు, నీకు తెల్దా?" అని అమ్మ వాడి కాళ్ళ మీద పడింది. వాడు మొహం తిప్పుకున్నాడు.

నాన్నను లారీ ఎక్కించారు. ఆ ఎస్టేటులోనే పుట్టి, ఇండియా ఎలా ఉంటుందో తెలియని మనిషిని ఓడలో ఇండియాకు తోలేశారు. అక్కడ చనిపోయాడన్న కబురొకటి వచ్చింది. మాకు మిగిలింది 'అడవివాళ్ళ మనిషి పిల్లలు' అనే పేరు. బడిలో నా పక్కన ఎవరూ కూర్చోలేదు. నా చదువు అక్కడితో సరి.

అంత పెద్ద రాజ్యం, తుపాకులూ విమానాలూ మోసుకొచ్చి, చివరికి ఒక చెంపదెబ్బకు పగ తీర్చిపెట్టింది. ఎవరి పగ తీరుస్తున్నదో దానికి తెలియను కూడా తెలియదు.

ఆదివారం బిషాన్ వెళ్ళాను. కూతురు ఫోన్‌లో రికార్డు చెయ్యడానికి సిద్ధంగా కూర్చుంది. ఆవిడ పిల్లలిద్దరూ తాతకు చెరోవైపూ ఉన్నారు.

"ఎవులమ్మా?" అన్నాడు.

"మూడో లైను చివరింటి పిల్లని." బావా అనలేదు, మావా అనలేదు. ఏ వరసా పెట్టి పిలవకూడదని రైల్లోనే అనుకున్నాను. "ఆ రోజు దొరకి ఇంగ్లీషులో ఏటి సెప్పినావు? నాకప్పుడు ఇంగ్లీషు రాదు. నీ మనవలకు బాగా వచ్చు. ఆ మాటే ఇప్పుడు వీళ్ళకు సెప్పు."

కూతురు ఫోన్ దించబోయింది.

"ఆపకమ్మా. రెండు మంచి మాటలు కావాలన్నావుగా."

"దొర ఎవుడో ఒకడి పేరు సెప్పమన్నాడు" అన్నాడు ముసలాయన. "ఆడి పైవోళ్ళు ఆణ్ణి అడుగుతున్నారు. సెప్పకపోతే నన్నే అట్టుకుపోతారని బయమేసింది."

"అన్ని లైన్లలో మా ఇల్లే గుర్తొచ్చిందా? అప్పటికింకా చెంప మండుతున్నాది కావాల!"

అప్పుడు ముసలాయన ఆ మాట అన్నాడు, ఇంగ్లీషులోనే: అడవిలోని వాళ్ళకోసం వీళ్ళు తిండి ఎండబెడుతున్నారు అని. మాట ఎక్కడా తడుముకోలేదు. ఇన్నేళ్ళూ లోపల అలాగే ఉంది.

"అది అబద్ధమా, తాతా?" అని పెద్ద మనవడు అడిగాడు. ఆయన వాడివైపు చూడలేదు. నావైపు చేతులు జోడించాడు. "సెమించమ్మీ."

"సెమించను" అని లేచాను.

కూతురు లిఫ్టు దాకా వెంటపడింది. "తొంభై ఏళ్ళ మనిషి ఆంటీ! ఇప్పుడెందుకిలా?"

"మా నాన్నకు నలభై కూడా రాలేదమ్మా."

శాలువా కప్పడం మానుకున్నారట. ముసలాయన సరిగా తినడం లేదట. నేను వెళ్ళి ఒక్క మాటంటే తింటాడని కూతురు ఫోన్ల మీద ఫోన్లు చేస్తోంది. "పాపం, వెళ్ళు అమ్మమ్మా" అంటుంది మనవరాలు. లారీ కదిలిన రోజున మా అమ్మను చూసి పాపం అన్నవాళ్ళు ఆ లైన్లలో ఒక్కరు లేరు.

నేను వెళ్ళను.