మామ్మ ప్రార్థనలో కమ్యూనిస్టు అధ్యక్షుడు

మా చిన్నప్పుడు రాయపూర్‌లో, మోవాలోని మా ఇంటి ముందు గదిలో రెండు పటాలుండేవి... ఒకటి యేసుప్రభువుది. రెండోది ఎక్కడో మంచు దేశాన్ని ఏలే ఒక కమ్యూనిస్టు అధ్యక్షుడిది. అది నాన్న తగిలించింది.

నాన్న రైల్వేలో ఫిట్టరు, యూనియన్ మనిషి. ఆ అధ్యక్షుడు మిల్లు కూలీగా మొదలై, జైలుకెళ్ళి, పార్టీ కార్యదర్శై, చివరికి దేశానికే పెద్దయిన కథ మాకు అన్నం ముద్దలతో పాటు పెట్టేవారు...

నాన్నగారి అమ్మను మామ్మ అనేవాళ్ళం. చూపు సరిగా ఆనేది కాదు. ఒకరోజు ఆ పటంలో ఎవరని అడిగింది.

"సంఘానికి పెద్ద, అమ్మా. సంఘం కోసం జైలుకి కూడా వెళ్ళాడు" అన్నారు నాన్న.

నాన్న చెప్పింది కార్మిక సంఘం. గుంటూరు నుంచి వచ్చిన మామ్మకు తెలిసిన సంఘం ఒక్కటే... ఆదివారం చర్చిలో కూడేది. విశ్వాసం కోసం చెరసాల పాలైన భక్తుడనుకుంది పాపం. ఆ సాయంత్రం నుంచే కుటుంబ ప్రార్థనలో, మా పరీక్షలకంటే ముందు, ఆయన ఆరోగ్యం వచ్చి చేరింది.

దేవుడు లేడనే మనిషి కోసం మేమంతా మోకాళ్ళ మీద... నాన్న గుమ్మం దగ్గర నిలబడి పైకప్పు చూసేవారు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకునేది.

పాస్టరుగారు వచ్చినప్పుడు, ఈ పెద్దాయన కోసం కూడా ప్రార్థించమని అడిగింది మామ్మ. ఆయన పటాన్ని చూశారు, నాన్నను చూశారు... "ప్రభువా, ఈయన్ని నువ్వే చూసుకో" అని ముగించేశారు.

కొన్నేళ్ళకు టీవీ వార్తల్లో చూపించారు... సొంత జనమే వీధుల్లోకొచ్చి ఆయన్ని గద్దె దింపేశారు. నాన్న అన్నం ముట్టలేదు. స్టూలెక్కి పటం తీయబోతుంటే మామ్మ ఆపింది.

"కుర్సీ పోయిన రోజే తీసేస్తావేంట్రా? ఇప్పుడేగా ప్రార్థన కావాల్సింది."

నాన్న స్టూలు మీదే తలొంచుకున్నారు. "ఆయన దేవుణ్ణి బిల్కుల్ నమ్మడమ్మా."

"తెలుసు. పాస్టరుగారు ఆ రోజే చెప్పారు. నువ్వూ నమ్మవుగా... నీకోసం మానేశానా?"

ఆ సాయంత్రం నాన్న మొదటిసారి మా పక్కన మోకరించారు. కాసేపటికే కాళ్ళు పట్టేశాయని లేచిపోయారనుకోండి... అయినా మామ్మ ముఖంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు.

ఇప్పుడు మా ఫ్యామిలీ గ్రూపులో రాజకీయం మాటొస్తే చాలు, సొంత తమ్ముళ్ళే అలిగి బయటికెళ్ళిపోతున్నారు... రెండు నమ్మకాలు ఒకే ఇంట్లో కలిసి భోంచేసిన రోజులు మీకూ ఉన్నాయా? ఉంటే చెప్పండి, వినాలనుంది...