గడ్డిలో కలిసిపోయిన ఎర్ర చొక్కాలు

ప్రెస్సులో అందరికీ ఆవిడ జిగురక్క. పంతొమ్మిదేళ్లుగా బైండింగు గదిలో పుస్తకాల వీపులకు జిగురు రాస్తోంది మరి. మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే, ఈవిడ మాత్రం కంప్యూటరు ఆపరేటరు వెనక నిలబడి "అదెందుకు నొక్కావు? ఇది నొక్కితే ఏమవుద్ది?" అంటూ అతని ప్రాణం తోడేసేది. అడిగీ అడిగీ పని పట్టేసింది. అతను వేరే చోటికి వెళ్లిపోగానే, ఆ కుర్చీ నాకివ్వండని యజమాని ముందు నిలబడింది.

యజమాని ఎగాదిగా చూశాడు. "నాలుగింటికి పత్రిక మిషనెక్కాలి. మొదటి పేజీ ఫొటో నువ్వే చెయ్యి. బాగుంటే కుర్చీ నీది. లేదంటే నోరెత్తకుండా జిగురు గిన్నె దగ్గరికి పో."

కప్పు గెలిచిన ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు ఫొటో అది. ఆకుపచ్చటి గడ్డి మీద వెల్లకిలా పడుకుని నవ్వుతున్నారు పదకొండు మందీ, ఎర్ర చొక్కాలతో. చూడముచ్చటగా ఉంది. కానీ పత్రిక నలుపు తెలుపుల్లోనే వస్తుంది. రంగు తీసేసే మీట నొక్కిందో లేదో, చొక్కాలూ గడ్డీ ఒకే బూడిదరంగై కూర్చున్నాయి.

జిగురక్క ఆడపడుచు కూడా బైండింగు గదిలోనే పనిచేస్తుంది. ఆమె గుమ్మంలోంచి తొంగిచూసి పకపకా నవ్వింది. "ఏంటి వదినా, పిల్లల్ని మెడదాకా పాతేశావు? గుమ్మడికాయలు కాశాయనుకున్నా!"

"నవ్వింది చాల్లే, నీ పని చూసుకో."

వెలుతురు పెంచి చూసింది. మొహాలు పిండి పూసినట్టు తెల్లబడిపోయాయి గానీ, చొక్కాలు గడ్డిని వదల్లేదు. మూడున్నరైంది. కంటికి ఎరుపు వేరు, ఆకుపచ్చ వేరు. కంప్యూటరు మాత్రం రెండింటి వెలుగునూ తూకం వేసి, సరిసమానమని తేల్చేస్తోంది. ఒకదాన్ని లేపి, రెండోదాన్ని దించాలి. ఎలా?

బహుమతి పుస్తకాలకు చుట్టే ఎర్ర జిలేటిన్ కాగితం చటుక్కున గుర్తొచ్చింది. అందులోంచి చూస్తే ఆకుపచ్చ అట్టలు నల్లగా కనబడతాయి! పరుగున వెళ్లి ముక్క తెచ్చి కంటికి అడ్డం పెట్టుకుంది. గడ్డి నల్లబడింది, చొక్కాలు తేటగా పైకి తేలాయి.

ఏ రంగుకు ఎంత వాటా ఇవ్వాలో చెప్పే పట్టీ కంప్యూటరులో ఉందని ఆవిడకు తెలుసు. మొత్తం ఎరుపుకే ఇచ్చేసింది. చొక్కాలు లేచాయి గానీ, మొహాల్లో ముక్కూ మూతీ పలచబడ్డాయి. నూటికి ఇరవై పాళ్లు ఆకుపచ్చకు తిరిగిచ్చింది. బుగ్గల సొట్టలు వచ్చాయి, చొక్కాల మడతలు వచ్చాయి.

"వదినా! పిల్లలు లేచొచ్చారే!" ఆడపడుచు కేకకు గది గదంతా వచ్చిపడింది.

యజమాని కళ్లజోడు సవరించుకుని, వేలు పెట్టి పదకొండు దాకా లెక్కపెట్టాడు. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాడు.

"మరి కుర్చీ సంగతి?" అంది జిగురక్క.

"ఎక్కి కూర్చున్నాక ఇంకా అడుగుతావేంటమ్మా! పేజీ పంపు, టైమవుతోంది."

పేజీ పంపింది. అప్పుడు కుర్చీ కింది మీట లాగి, కాళ్లు నేలకు ఆనేదాకా కిందికి దించుకుని, దర్జాగా వెనక్కి వాలింది.

"రెండో పేజీ ఫొటోలు ఎవరి దగ్గరున్నాయి? పట్రండి."