ఎర్ర గీత మీద ముల్లు

పొద్దున తొమ్మిది గంటల నలభై నిమిషాలకు మెదక్ బస్టాండ్‌లో దిగాను. సన్నగా వాన పడుతోంది. భుజాన కిట్ బ్యాగు, చేతిలో నల్ల ట్రంకుపెట్టె, జేబులో డిశ్చార్జి కాగితం. ఇరవై రెండేళ్లు సైన్యంలో బండ్లు బాగుచేసి హవల్దారుగా బయటికొచ్చాను. పది రోజులు కాళ్లు చాపుకుని నిద్రపోవాలన్నదే నా ప్లాను.

గేటు దగ్గర గొడుగు కింద మా అక్క కోడలు స్వరూప నిలబడి ఉంది.

"మామా, అత్తమ్మ దవాఖానల ఉన్నది. ఇంకో అరగంటల డయాలసిస్ అయిపోతది. డ్రైవర్ బండి ఖరాబున్నదని తాళాలు నా చేతుల పెట్టి పోయిండు. జర మీరు రాండ్రి" అంది.

ఆ తాళాలు అందుకోవడంతో నా ఆఖరి పోస్టింగు మొదలైంది. టీకొట్టు దగ్గర కూర్చుంటే అందరూ మంచు గురించి, సరిహద్దు గురించి అడుగుతారు. అడగండి, తప్పులేదు. పదహారు వేల అడుగుల ఎత్తులో మైనస్ చలిలో ఇంజిన్లు విప్పాను. అయినా ఛాతీ విరుచుకుని చెప్పుకోవాల్సి వస్తే నేను చెప్పేది టేక్మాల్ నుంచి మెదక్ దాకా చేసిన ఈ తొమ్మిది వారాల డ్యూటీ గురించే.

డ్యూటీ వివరం ఇది. అక్క ఉండేది టేక్మాల్‌లో. రెండు కిడ్నీలూ పాడయ్యాయి. సోమ, బుధ, శుక్రవారాలు మెదక్‌లో డయాలసిస్. ఆరుంపావుకల్లా బెడ్ మీద ఉండాలి. నాలుగు గంటలు మిషన్ నడవాలి. ఆలస్యమైతే ఆ మేరకు కోత పడుతుంది, ఎందుకంటే పదింపావుకు ఇంకొకరి వంతు. దారి ముప్పై కిలోమీటర్లకు అటూ ఇటూ. గుంతలు, వరిపొలాలు, వడ్ల ట్రాక్టర్లు. ఫస్ట్ బస్సు ఆరింటికి గానీ రాదు, షేర్ ఆటోలు ఏడు దాటితే గానీ రావు. స్వరూప మొగుడు వరికోత మిషన్ మీద కర్ణాటక పోయాడు. ఉన్న బండి ఇరవై ఏళ్లు దాటిన తెల్ల కారు.

ఆ కారుకో రోగం ఉంది. తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరితే పాపన్నపేట రాకముందే వేడి చూపించే ముల్లు ఎర్ర గీత మీదికి పోతుంది. ఆపాలి. అరగంట చల్లారనివ్వాలి. అప్పటికి తెల్లవారుతుంది, ముల్లు బుద్ధిగా నడిమికి దిగుతుంది. బండి కదులుతుంది. అక్క బెడ్ ఎక్కేసరికి ఆరూ నలభై.

నేను నవ్వాను. ఇంజిన్ వేడెక్కడమా? నాకా చెప్తున్నారు?

మొదటి ఆదివారం మెదక్‌లో ఒక వర్క్‌షాప్‌లో దించాను. రేడియేటర్ కడిగించాను. నీళ్లను ఆపి వదిలే వాల్వు మార్చాను. వేడిని కొలిచే సెన్సర్ మార్చాను. రేడియేటర్ మూత మార్చాను. ఫ్యాన్ వైర్లన్నీ తడిమి చూశాను. మిట్టమధ్యాహ్నం ఎండలో గంటసేపు ఇంజిన్ నడిపాను. ముల్లు నడుమ నుంచి కదల్లేదు.

మేస్త్రి చేతులు తుడుచుకుంటూ అన్నాడు: "సార్, బండి మస్తుగున్నది. మీరు మిలిట్రీల చేసి వచ్చిండ్రు, మీకు ప్రతిదీ దుష్మన్ లెక్కనే కనపడుతది."

సోమవారం ఐదూ ఇరవై ఎనిమిదికి, అదే చోట, ముల్లు ఎర్ర గీత మీద. అక్క పకపకా నవ్వింది.

"ఏమాయె తమ్మీ, నీ మెడల్స్ చూసి కూడ భయపడలేదా?"

మూడు వారాలు ఇదే వరస. ప్రతి ఆదివారం ఏదో ఒకటి మార్చాను. ప్రతి సోమవారం ఆగాను. ఈలోపు మా దళం తయారైంది. స్వరూప స్టోర్సు చూసేది. రెండు ఐదు లీటర్ల నీళ్ల క్యాన్లు, టార్చి, నా పనిముట్ల సంచి, అక్కకు చలేస్తే కప్పడానికి గొంగడి, ప్లాస్టిక్ కవర్లో ఫైలు, ఉప్పు లేని అన్నం డబ్బా. నాలుగూ యాభైకి అన్నీ బండిలో ఉండేవి, ఒక్కరోజు తప్పలేదు. నా కింద పనిచేసిన కుర్రాళ్లలో కూడా ఇంత క్రమం చూడలేదు. అక్క ముందు సీట్లో కూర్చుని చేతిగడియారం చూస్తూ టైము చెప్పేది. వైర్‌లెస్ సెట్టు అవసరం రాలేదు, ఆవిడ గొంతే ఊరవతలికి వినిపిస్తుంది.

నాలుగో వారం బుధవారం నేను తప్పు చేశాను. ఆ రోజు మబ్బు దట్టంగా పట్టింది, ఆరైనా చీకటి వీడలేదు. ముల్లు ఎర్రకెక్కింది, ఆపాను. అరగంటకు కదిలించాను. మళ్లీ ఎక్కింది. మళ్లీ ఆపాను. మూడోసారి కూడా ఎక్కేసరికి బండిని వెనక్కి తిప్పాను. ఇంజిన్ కాలిపోతే అసలు బండే ఉండదని నా లెక్క. ఆ రోజు అక్కకు డయాలసిస్ జరగలేదు.

గురువారం సాయంత్రానికి అక్క కాళ్లు వాచాయి. పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చుంది. అప్పుడు నెమ్మదిగా అంది: "ఇగ చాలు తమ్మీ. మీకందరికి పరేషాన్. నేను రాను. ఎన్నొద్దులుంటే గన్నొద్దులుంట."

నా వయసు నలభై రెండు. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి ఆవిడ. బయటికి పోయి కారు బానెట్ మీద చెయ్యి పెట్టి ఏడ్చాను, దాచుకోవాల్సిన పని లేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ గెలిచి వచ్చి ఇంట్లో ఓడుతున్నాను.

శుక్రవారం ఆవిడను నేను బతిమాలి, స్వరూప కోప్పడి, ఇద్దరం కలిసి కూర్చోబెట్టాం. ఐదింటికి బయలుదేరాం. జోరు వాన. ఐదూ ఇరవై ఆరుకు ముల్లు ఎర్ర గీత ఎక్కింది. ఆపి, లైట్లు, ఇంజిన్ కట్టేసి బానెట్ తెరిచాను. రెండు నిమిషాలు చూసి మళ్లీ వచ్చి కూర్చున్నాను. అక్క ఆయాసపడుతోంది. మాట మాటకూ ఆగుతోంది.

"తమ్మీ, ఒకటి అడుగుత. నవ్వొద్దు. ఆగిన బండి పెట్రోల్ తాగుతదా?"

"తాగదు అక్కా. ఎందుకు?"

"మరి నువ్వు ఆపి మళ్ల నడిపినప్పుడల్లా పెట్రోల్ ముల్లు కిందికి పడుతది. ఇంటికాడ ముప్పావుంటది. ఆగి లేసినంక సగమే. మిషన్ పక్కన పండుకొని మీటర్లు చూసుడే నా పనాయె, గందుకే కనపడ్డది."

తాళం తిప్పి ఇంజిన్ మాత్రం నడిపాను, లైట్లు వేయలేదు. వేడి ముల్లు నడుమ. పెట్రోల్ సగం. లైట్లు వేశాను. రెండు ముళ్లూ మెల్లగా, జంటగా పైకి లేచాయి. లైట్లు ఆర్పాను. రెండూ దిగాయి.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. ఇంజిన్ ఎన్నడూ వేడెక్కలేదు. మీటర్ల డబ్బాకు ఎర్త్ వైరు ఒక్కటే. అది వదులైతే డబ్బాలోని దీపాలు వెలిగినప్పుడు కరెంటు పోయే దారి సరిగ్గా లేక రెండు ముళ్లనూ పైకి తోస్తుంది. చల్లటి ఇంజిన్ మామూలు వేడికి వచ్చేసరికి పాపన్నపేట దగ్గరపడేది, అందుకే ముల్లు రోజూ అక్కడే ఎర్రకెక్కేది. వేడి ఎక్కువ చూపిస్తే అందరం హడలిపోయాం. పెట్రోల్ ఎక్కువ చూపిస్తే ఎవడికి బాధ? వర్క్‌షాపులు తెరిచేది పదింటికి. పట్టపగలు లైట్లు వేసి చూసేవాడెవడు? నేనూ చూడలేదు. ఇరవై రెండేళ్ల అనుభవం ఎండలో నిలబడి తప్పు వెతికింది.

అయితే చిక్కు తీరలేదు. ఆ వాన చీకట్లో లైట్లు లేకుండా నడపలేను. లైట్లు వేస్తే ముల్లు దారంతా ఎర్రలోనే. ఆ మధ్యలో ఇంజిన్ నిజంగానే కాలితే నాకు తెలిసే దారి లేదు. దిగి ఇంకోసారి చూశాను. ఆవిరి లేదు. కింద చుక్క కారలేదు. ఫ్యాన్ కాసేపు తిరిగి దానంతటదే ఆగింది. నిజంగా వేడెక్కిన బండిలో ఫ్యాన్ ఆగదు.

"అక్కా, ముల్లు అబద్ధం చెప్తున్నది. నేను ఆపను. కానీ నా లెక్క తప్పితే నడిరోడ్డు మీద ఉండిపోతం."

"నీ చేతుల మీద నీకు నమ్మకమున్నదా?"

"ఉన్నది."

"మరి నడుపు."

ఐదూ ముప్పై ఏడుకు కదిలాం. నా చూపు మాటిమాటికీ మీటరు మీదికే పోతోంది. అక్క నా తువ్వాల తీసుకుని చెయ్యి చాచి మీటర్ల మీద కప్పేసింది. "నువ్వు రోడ్డు చూడు" అంది. చెవులతో నడిపాను. శబ్దం మారలేదు. మాడు వాసన రాలేదు. అక్క ఆయాసపడుతూనే టైము చెప్పింది: "ఐదూ యాభై. పాపన్నపేట దాటినం." ఆ తర్వాత, "ఆరూ నాలుగు. మెదక్ లైట్లు కనపడుతున్నయ్." ఆరూ పదకొండుకు దవాఖాన గేటు. ఆరూ పదిహేనుకు బెడ్.

డయాలసిస్ టెక్నీషియన్ గడియారం చూసి, అక్క ముఖం చూసి అన్నాడు: "పెద్దమ్మా, గియ్యాల నాలుగు గంటలు పూర్తిగ నడుపుదాం."

ఆ నాలుగు గంటల్లో దవాఖాన షెడ్డు కింద మీటర్ల డబ్బా విప్పాను. ఎర్త్ వైరు బోల్టు పచ్చగా చిలుము పట్టి చేతితో తిప్పితేనే తిరిగింది. గరుకు కాగితంతో రుద్దాను, బిగించాను, తోడుగా ఇంకో వైరు నేరుగా బాడీకి వేశాను. లైట్లు వేశాను. రెండు ముళ్లూ ఉన్నచోటే ఉన్నాయి. బయటికొచ్చిన అక్కకు సెల్యూట్ కొట్టాను. నేను ఏ అధికారికీ అంత గట్టిగా కొట్టలేదు. ఆవిడ "సిగ్గులేదు, అందరు చూస్తుండ్రు" అంది గానీ ముఖం వెలిగిపోయింది.

ఆ తర్వాత ఐదు వారాలు. ఒక్కరోజు ఆలస్యం లేదు. నాలుగు గంటలకు ఒక్క నిమిషం కోత లేదు. కాళ్ల వాపు తగ్గింది. "రాను" అన్న మాట అక్క నోట మళ్లీ రాలేదు. ఈ మాట గర్వంగా చెప్తున్నాను, ఎవరేమనుకున్నా సరే.

ఆ వారాల్లోనే సాయంత్రాలు స్వరూపకు డ్రైవింగ్ నేర్పాను. లైసెన్సు చేతికొచ్చింది. నాకు తూప్రాన్‌లో ఒక కంపెనీలో బండ్లు చూసే ఉద్యోగం దొరికింది. ఆదివారం రాత్రి చార్జి అప్పగించాను. టైర్లు, నూనె, నీళ్లు, లైట్లు అన్నీ చూపించి, ఒకటే ఆర్డరు ఇచ్చాను: "దారిల ఎవలు చెయ్యెత్తినా ఆపొద్దు."

"మీరు కూడ మాతోనే మెదక్ దాంక రావచ్చు కద మామా?" అంది.

రానన్నాను. నేను పక్కన కూర్చుంటే గేరు గేరుకూ నా ముఖం చూస్తుంది. ఫస్ట్ బస్సుకు పోతానన్నాను.

సోమవారం, బస్సుకు ఇంకా గంట ఉండగానే, ఐదింటికి టేక్మాల్ స్టాప్‌లో ట్రంకుపెట్టె పక్కన నిలబడ్డాను. చీకటి, వాన. ఐదూ నాలుగుకు తెల్ల కారు వచ్చింది. లైట్లు, వైపర్లు నడుస్తున్నాయి. అలవాటు చొప్పున నా చెయ్యి లేచింది. స్వరూప తల తిప్పలేదు. రెండు చేతులూ స్టీరింగ్ మీదే. అక్క నన్ను చూసింది. ఆపమని చెప్పలేదు. వేలు ముందుకు చూపించింది, రోడ్డు మీదికి. బండి వేగం తగ్గకుండా నా ముందు నుంచి పోయింది, బురద నీళ్లు నా ప్యాంటు మీద పడ్డాయి. మూల తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. చెయ్యి దించడం మరిచిపోయాను.