పాపం సర్కారు

ప్రభుత్వాన్ని తిట్టేవాళ్లను చూశాను, పొగిడేవాళ్లను చూశాను, పని పడ్డప్పుడు కాళ్లు పట్టుకునేవాళ్లనూ చూశాను. ప్రభుత్వాన్ని చూసి జాలిపడే మనిషిని మాత్రం ఒక్కణ్ణే చూశాను. ఆయన మా కామయ్య.

ఆత్మకూరు బస్టాండు ఎదురుగా నాది దాణా కొట్టు. కామయ్యది ఉదయగిరి దోవలో, మెయిన్ రోడ్డుకు నాలుగు మైళ్లు లోపలికి ఉండే చిన్న పల్లె. ఇరవై రెండు గొర్రెలు, రెండెకరాల మెట్ట, నోరున్న భార్య రాఘవమ్మ. రోజూ ఉదయం వాళ్ల పల్లె బస్సులో దిగి, నా కొట్టు ముందు తవుడు బస్తా మీద కూర్చుని, సాయంత్రం అదే బస్సులో వెళ్లిపోయేవాడు. టౌనులో ఆయనకు ఏ పనీ ఉండేది కాదు. కరెంటు పోతే నేను నోరు తెరిచేలోపే, "పాపం సర్కారు! ఎన్నిండ్లకని ఇస్తాది?" అనేవాడు. ఒకసారి రోడ్డు గుంటలో పడి మోకాలు చీరుకుపోయింది. "సర్కారు ఒక్కతే, రోడ్లు ఇన్నుండాయి" అని ఆ గుంటనే ఓదార్చి లేచాడు.

"ఇంతకీ నీదే పార్టీ కామయ్యా?" అని అడిగాను.

"పార్టీలకేం శెట్టీ, వాటికి శానామంది ఉండారు. సర్కారుకెవురుండారు మనం తప్ప?"

ఒక పంద్రాగస్టున కొట్టుకు జెండా కట్టి, చొక్కాకు ఇంకోటి గుచ్చుకుని, అలవాటు ప్రకారం ప్రభుత్వాన్ని దులపడం మొదలుపెట్టాను.

"జెండా బాగుండాది శెట్టీ. మళ్లీ ఆ తిట్లేంది?"

"దేశం వేరు, సర్కారు వేరు కామయ్యా. దేశమంటే నాకు ప్రాణం."

"అట్నా! మొగుడు కావాల, వాళ్లమ్మ మాత్రం వద్దు. మా కోడలు గూడా ఇదే అంటాది."

కొట్టు ముందున్న వాళ్లందరూ పగలబడి నవ్వారు. ఆ రోజంతా నా దేశభక్తికి కళ తప్పింది.

ఆయన జాలిలో పెద్ద వాటా మాత్రం బస్సుది. ఖాళీగా తిరిగితే దానికెంత నామర్దా అని బాధపడేవాడు. పెద్దవాళ్లకు టికెట్లో తగ్గింపు ఉందని కండక్టరు ఆనందకుమార్ చెబితే కోప్పడ్డాడు. "ఆడబిడ్డల్ని ఊరికే ఎక్కించుకుంటా ఉండాది పాపం. మేం గూడా పీక్కతింటే అది బతికేదెట్లా?" అంటూ రెండు ఫుల్ టికెట్లు కొనేవాడు. ఒకటి తనకు, ఒకటి తన సంచికి. సంచిలో మధ్యాహ్నం తినే సద్ది తప్ప ఏమీ ఉండేది కాదు.

రాఘవమ్మ ఒకరోజు నా దగ్గరికొచ్చి మొర పెట్టుకుంది. "పెండ్లయి నలభై ఏండ్లాయె శెట్టన్నా. నన్ను ఒక్కదినం నెల్లూరుకు తీసకపోలా. ఆ బస్సును మాత్రం దినామూ ఆత్మకూరుకు తోలకొస్తా ఉండాడు!"

ఇంతలో బస్సుకు గండం వచ్చింది. ఎక్కేవాళ్లు లేరట, సోమవారం ఒక అధికారి స్వయంగా ప్రయాణం చేసి చూస్తాడట, ఖాళీగా ఉంటే సర్వీసు ఆపేస్తారట. కామయ్య ఇల్లిల్లూ తిరిగి బతిమాలాడు. అందరికీ మోటారుసైకిళ్లున్నాయి. "నీ బస్సు నువ్వే ఎక్కు పో" అన్నారట.

సోమవారం బస్సు వచ్చి ఆగింది. ముందుగా ఆనందకుమార్ తల పట్టుకుని దిగాడు. తర్వాత ఒక పొట్టేలు దిగింది. దాని వెనక వరసగా గొర్రెలు దిగాయి. వాటి వెనక ప్యాంటు దులుపుకుంటూ అధికారి, ఆయన వెనక కామయ్య. నేను కొట్టు వదిలేసి పరుగెత్తాను.

"ఇది బస్సా, గొర్రెల దొడ్డా?" అధికారి అరుస్తున్నాడు.

"అన్నిటికీ టికెట్లుండాయి సార్." కామయ్య పంచె కొంగు విప్పి టికెట్ల కట్ట చూపించాడు.

"గొర్రెలు ప్రయాణికులెట్లా అవుతాయయ్యా!"

"వాటి చెవులకు నంబర్లేసింది సర్కారే సార్. సర్కారు లెక్కలో ఉండేటివి సర్కారు బస్సులో లెక్కకు రావా?"

అధికారి ఒక గొర్రె చెవి ఎత్తి పసుపు బిళ్ల చూశాడు. నిజంగానే నంబరుంది. ఆయన ఆలోచిస్తున్నంతలో పొట్టేలు ఆయన చేతిలోని కాగితం నమలసాగింది. "సర్కారు కాయితమని దానికి తెలీదు సార్" అని కామయ్య దాని తరఫున చేతులు జోడించాడు.

అప్పుడు బస్సులోంచి పుస్తకాల సంచి నెత్తిన పెట్టుకుని నవ్యశ్రీ దిగింది. కామయ్య పక్కింటి శ్రీకృష్ణ కూతురు, ఇక్కడ డిగ్రీ రెండో ఏడు చదువుతోంది.

"రోజూ ఎంతమంది ఎక్కుతారమ్మా?" అధికారి అడిగాడు.

"ఇద్దరం సార్. నేనూ, కామయ్య తాతా."

"బస్సు ఆపేస్తే?"

"బస్సున్నన్నాళ్లే చదువన్నాడు సార్ మా నాయన. ఆగిపోతే ఇంట్లో ఉండమన్నాడు."

అధికారి ఆ పిల్లను చూశాడు, కామయ్యను చూశాడు. పొట్టేలు మిగిల్చిన సగం కాగితం మీద ఇలా రాశాడు: "ప్రయాణికుల రద్దీ దృష్ట్యా సర్వీసు కొనసాగించవలెను."

అప్పుడు వెలిగింది నాకు. అంతకుముందు దాణాకు ఎన్నిసార్లు వచ్చినా కాలినడకనే వచ్చిన ఈ మనిషి బస్సెక్కడం మొదలుపెట్టింది సరిగ్గా నవ్యశ్రీ కాలేజీలో చేరిన జూన్ నుంచే.

"ఆ పిల్ల కోసమే గదా ఇదంతా?" అని నిలదీశాను.

"ఛ ఛ! నేను సర్కారు కోసం ఎక్కినా. ఎక్కేటోళ్లు లేకపోతే దానికి చెడ్డపేరు గదా!" అన్నాడు కానీ, నా కళ్లలోకి చూడలేదు. ఆ మనిషిని గట్టిగా కౌగిలించుకోవాలనిపించింది. గొర్రెల కంపుకు జంకి ఆగిపోయాను.

నవ్యశ్రీ డిగ్రీ పాసై నెల్లూరులో ఉద్యోగంలో చేరింది, అక్కడే హాస్టల్లో ఉంటోంది. ఇక కామయ్య రాడనుకుని, కొంచెం దిగులుగానే, తవుడు బస్తా లోపలికి జరిపించాను.

కాలేజీలు తెరిచిన రోజు ఉదయం బస్సు ఆగింది. కామయ్య దిగాడు. వెనకాలే కొత్త సంచులతో ముగ్గురు ఆడపిల్లలు దిగి కాలేజీ వైపు నడిచారు.

"నా బస్తా ఏది శెట్టీ?"

"ఇంకా ఎన్నాళ్లు కామయ్యా?"

"మూడేండ్లు. పాపం సర్కారు, ఒక్కదాన్నే ఎట్టా వదిలేది?"

నేనే వెళ్లి బస్తాలు బయటికి లాక్కొచ్చాను. ఒకటి కాదు, రెండు. ఒకటి ఆయనకు, ఒకటి ఆయన సంచికి.